బదిలీ మనకే కాదు, కడుపుకీ

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో అటక మీది అట్టపెట్టెలు కిందికి దిగుతాయి. గిన్నెలు, పుస్తకాలు, టీసీ, మార్కుల జాబితా అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుంటాం. మనతో పాటు మన పొట్ట కూడా కొత్త ఊరికి వస్తోందన్న సంగతి మాత్రం మరిచిపోతాం.

గత ఏడాది మా ఆరో తరగతిలో ఒక అమ్మాయి సంవత్సరం మధ్యలో వచ్చి చేరింది. వారం తిరక్కుండానే రోజూ మూడో పీరియడ్‌లో "కడుపు నొప్పి మేడమ్" అనడం మొదలుపెట్టింది. పాఠం తప్పించుకోవడానికి సాకు అనుకున్నాను. ఒక సాయంత్రం ఆమె నీళ్ల సీసా చూశాను. పొద్దున నింపింది నింపినట్టే ఉంది. ఏమ్మా అని అడిగితే మెల్లగా చెప్పింది: "నీళ్లు తాగితే టాయిలెట్‌కి వెళ్లాలి కదా మేడమ్. అదెక్కడుందో మొదటిరోజు ఎవరూ చూపించలేదు. తర్వాత అడగాలంటే సిగ్గేసింది."

నాకు తల తిప్పేసినట్టయింది. కొత్త స్టాఫ్‌రూమ్‌లలో మొదటి వారం నేనూ అలా ఉగ్గబట్టుకుని కూర్చున్నదాన్నే.

పిల్లలూ, ఆపుకోవడం ఓర్పు కాదు. పెద్దపేగు తనలోకి వచ్చినదానిలోంచి నీటిని పీల్చుకుంటుంది. మలం ఎంత ఎక్కువసేపు లోపల ఉంటే అంత ఎండి గట్టిపడుతుంది. వెళ్లేటప్పుడు నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి భయపడి మర్నాడు మళ్లీ ఆపుకుంటాం. మలబద్ధకం చాలామంది పిల్లల్లో ఇలాగే ముదురుతుంది.

ఏదైనా తిన్న కాసేపటికి పెద్దపేగు దానంతటదే కదులుతుంది. కాబట్టి పావుగంట ముందు లేచి, టిఫిన్ తిన్నాక ఓ పది నిమిషాలు ఫోన్ లేకుండా తీరిగ్గా కూర్చోండి. ఇక నీళ్లు. జైసల్మేర్ ఎండలో చెమటగా పోతాయి. లేహ్ చలిలో దాహమే తెలియదు, అయినా ఒంటికి నీళ్లు కావాలి. ఏ ఊరైనా మధ్యాహ్నానికి సీసా ఖాళీ కావాలి.

అలవాటైన కూరలు దొరకలేదని చిప్స్‌తో, నూడుల్స్‌తో సరిపెట్టుకోకండి. మన పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులకు పీచే ఆహారం. అది ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది. మన వైపు జొన్నరొట్టె, తోటకూర పప్పు అయితే, రాజస్థాన్‌లో సజ్జరొట్టె, పంజాబ్‌లో ఆవాకు కూర. పెద్దల మాట చద్దన్నం మూట అంటాం కదా, ఆ చద్దన్నానికి దేశమంతా చుట్టాలున్నారు. ఒడిశాలో పఖాళ, బెంగాల్‌లో పాంతా భాత్, అస్సాంలో పొయితా భాత్. సిక్కింలో ఆకుకూరలనే పులియబెట్టి గుంద్రుక్ చేస్తారు. పక్కింటివాళ్లు పెడితే వద్దనకుండా రుచి చూడండి. తినే ముందు, టాయిలెట్‌కి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మాత్రం మానకండి. నొప్పి తగ్గకపోయినా, మలంలో రక్తం కనిపించినా దాచకుండా అమ్మానాన్నలకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అయితే భారమంతా పిల్లల మీదే వేయడం న్యాయం కాదు. టాయిలెట్ శుభ్రంగా, గొళ్లెం పడేలా, నీళ్లు వచ్చేలా ఉంచడం పెద్దల బాధ్యత. "పీరియడ్ అయ్యాక వెళ్లు" అనే మాట మా ఉపాధ్యాయులం మానుకోవాలి. నలుగురు సాకుగా వాడుకుంటారని నలభైమందిని ఆపలేం.

కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటిరోజు లైబ్రరీ, ల్యాబ్ చూపిస్తాం. అంతకంటే ముందు మంచినీళ్ల కుళాయి, టాయిలెట్ చూపించాలని నా అభిప్రాయం. మా తరగతిలో ఇప్పుడు ఆ పని ఆ అమ్మాయే చేస్తోంది. ఎవరు కొత్తగా చేరినా చేయి పట్టుకుని తీసుకెళ్లి, "ఇదిగో ఇక్కడ. అడగడానికి సిగ్గుపడకు" అని చెప్పి వస్తుంది.