కొలిమి విద్యను వ్రాసి యుంచవలెను

మన కరీంనగర, ఆదిలాబాదు సీమలలో పూర్వము మూసలలో ఉక్కును కాచెడివారు. పొరుగుననున్న కోనసముద్రపు ఉక్కుకై పారశీక వర్తకులు వచ్చుచుండిరి. ఆ పనిని జూచిన డాక్టరు వాయిసీ వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. పనివారి విద్యలో మిక్కిలి భాగము మాత్రము వారి చేతులతోనే పోయినది.

నేటి విమానములకు వలయు అల్యూమినియపు మిశ్రలోహమునకును కాక, సమ్మెట, ఈ రెండే బలము నిచ్చునవి. సమ్మెటపోటు పోతలోని ముతక రేణువులను నలిపి, వస్తువు ఆకృతి ననుసరించి బారులు తీర్చును. కాక మితిమీరినచో రేణువుల సందులు కరగి లోహము బీటలు వారును. ఉక్కును ఎఱ్ఱగా కాచి నీట ముంచిన తత్క్షణమే గట్టిపడును. రాగియు, కొంచెము మెగ్నీషియమును గలిసిన అల్యూమినియ మట్లు కాదు. సుమారు 500 డిగ్రీలకు కాచి ముంచినపుడు మెత్తగానే యుండి, నాలుగైదు దినములలో తనంతట గట్టిపడును. లోపల రాగి పరమాణువులు గుమిగూడి, పొరలు జారకుండ నడ్డగించుటయే హేతువు. ఈ వింతను జర్మనీలో విల్ముగారు 1906లో కనుగొని, పిదప గ్రంథస్థము చేసిరి. కావుననే అది లోకమునకు దక్కినది.

విద్యార్థులారా! మీ యూరి వృద్ధులగు కమ్మరుల యొద్దకు బోయి, కాకను రంగుచేత నెట్లు గుర్తింతురో యడిగి వ్రాసికొనుడు. అట్లు వ్రాయుటయు చదువే యని మా యభిప్రాయము.