వేటగాడి వయసెంత?

మొన్నామధ్య మా మేనల్లుడు సాంఘికశాస్త్రం పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఒక బొమ్మ. ఎడమ చివర ఆకులు చుట్టుకుని బల్లెం పట్టినవాడు, వాడి పక్కన పశువుల కాపరి, ఆ పక్కన నాగలి పట్టిన రైతు, కుడి చివర కోటగోడల నగరం. వాడు ఆ ఎడమ చివరి మనిషి మీద వేలు పెట్టి, "మామయ్యా, శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దగ్గర చూశామే, ఆ చెంచులు కూడా వీళ్ళేనా?" అన్నాడు. కాదన్నాను. ఎందుకు కాదో చెప్పబోయి తడబడ్డాను. ఆ తడబాటే ఈ టపాకు కారణం.

మనలో చాలామంది దృష్టిలో వేట ఒక బతుకుతెరువు కాదు, ఒక కాలం. వేటాడి, దుంపలు తవ్వుకుని బతికేవాడంటే పాతకాలం వాడే. పంట పండించేవాడు ఆ తరువాతివాడు. ఈ మెట్ల వరస మన బుర్రల్లో ఎంత గట్టిగా నాటుకుందంటే, దానికి ఎదురు చెప్పే సాక్ష్యాన్ని కూడా ఆ మెట్ల మీదనే ఎక్కడో ఒకచోట కూర్చోబెడతాం. నాకు ఈ సంగతి తెలిసివచ్చింది గంగా మైదానపు ఎముకల గురించి చదివినప్పుడు.

ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్ జిల్లాలో సరాయ్ నాహర్ రాయ్, మహదహా, దమ్‌దమా అని మూడు చోట్లున్నాయి. నది దారి మార్చుకున్నప్పుడు వెనక మిగిలిపోయిన వంకర మడుగుల ఒడ్డున, ఒకప్పుడు వేటగాళ్ళు నివసించిన తావులవి. అలహాబాదు విశ్వవిద్యాలయం వారు జి. ఆర్. శర్మ నాయకత్వంలో 1970లలో మొదటి రెండు చోట్లా తవ్వకాలు చేపట్టారు. దమ్‌దమా తవ్వకాలు 1980లలో సాగాయి. చితాభూములు, శ్మశానాలు ఊరికి దూరంగా ఉండాలనుకునే మనకు ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. వాళ్ళు తమవాళ్ళను తాముండే చోటనే, వంటచేసుకునే పొయ్యిగుంటల సరసనే పూడ్చుకున్నారు. సరాయ్ నాహర్ రాయ్‌లో ఒకే గోతిలో నలుగురున్నారు. మహదహాలో స్త్రీపురుషులను జంటగా పడుకోబెట్టిన గోతులున్నాయి, ఎముకతోనూ జింక కొమ్ముతోనూ చేసిన నగలున్నాయి. సరాయ్ నాహర్ రాయ్‌లోనే ఒకరి పక్కటెముకలో సన్నని రాతిములుకు గుచ్చుకుని ఉంది. ఆ మైదానంలో ఎంత తవ్వినా రాయి దొరకదు. ములుకు చేసిన రాయి వింధ్య కొండల నుంచి మోసుకురావలసిందే. అంతదూరం నుంచి తెచ్చుకున్న అపురూపమైన రాయితో ఒక మనిషి మరొక మనిషిని కొట్టాడు. ఎందుకో మనకెన్నటికీ తెలియదు. కానీ ఆ దెబ్బ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ అస్థిపంజరాలను కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కెనెత్ కెన్నడీ, అమెరికాకే చెందిన దంతశాస్త్ర పరిశోధకుడు జాన్ లూకాక్స్, అలహాబాదుకు చెందిన జె. ఎన్. పాల్ మొదలైనవారు ఏళ్ళతరబడి చదివారు. చదవడం అన్న మాట ఇక్కడ అతిశయోక్తి కాదు. కండరం అతుక్కునే చోట ఎముక ఎంత గరుకుగా ఉందో చూస్తే ఆ మనిషి ఎంత బరువు పని చేశాడో చెప్పవచ్చు. కీళ్ళ అరుగుదల నడకనూ, విసురునూ చెబుతుంది. చిన్నతనంలో జబ్బుపడితేనో, తిండి చాలకపోతేనో పంటి పింగాణీ మీద అడ్డగీతలు పడతాయి. పెద్దయ్యాక కూడా అవి చెరిగిపోవు. ఈ మనుషులు పొడగరులు. మగవాళ్ళు ఆరడుగులకు అటూ ఇటూగా ఉన్నారు, ఆడవాళ్ళు కూడా పొడగరులే. దిట్టమైన ఎముకలు, పెద్ద పళ్ళు. పళ్ళు బాగా అరిగాయి కానీ పుచ్చినవి చాలా తక్కువ. ధాన్యం, పిండి ఎక్కువగా తినడం మొదలుపెట్టాక పిప్పిపళ్ళు పెరిగాయన్నది లోకంలో చాలాచోట్ల కనిపించిన సంగతి. అలాగని వాళ్ళది స్వర్ణయుగమని నేను అనను. ముసలితనం చూసినవాళ్ళు వాళ్ళలో తక్కువే.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇంతకీ వీళ్ళు ఎప్పటివాళ్ళు?

రేడియోకార్బన్ లెక్క పైకి చాలా తేలిక. బతికున్నంతకాలం ప్రతి ప్రాణీ గాలిలోని కర్బనం-14ను తిండి ద్వారా లోపలికి తీసుకుంటూనే ఉంటుంది. చచ్చిపోయాక రాబడి ఆగిపోతుంది, ఖర్చు మాత్రం సాగుతుంది. ప్రతి 5,730 ఏళ్ళకూ సగం కరిగిపోతుంది. మిగిలినదెంతో కొలిస్తే చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో తేలుతుంది. షికాగోలో విల్లర్డ్ లిబ్బీ ఈ పద్ధతిని 1949లో లోకానికి చూపాడు, 1960లో నోబెల్ బహుమానం అందుకున్నాడు. (గాలిలో ఆ కర్బనం అన్ని కాలాల్లోనూ ఒకే పాళ్ళలో లేదు గనక, చెట్ల వలయాలతో పోల్చి ఆ లెక్కను సవరించుకోవాలి. ఆ సవరణ అంతా ఇక్కడ రాస్తే మీరు పేజీ మూసేస్తారు.)

ఎముక విషయానికి వచ్చేసరికి ఈ తేలిక కాస్తా ఆవిరైపోతుంది. ఎముకలో కాలం చెప్పగలిగే భాగం ముఖ్యంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు. వేడి, తడి ఉన్న మన నేలల్లో అది కరిగిపోతుంది. మిగిలిన ఖనిజం భూగర్భజలంలోని సున్నంతో కర్బనాన్ని ఇచ్చిపుచ్చుకుంటుంది. గంగా మైదానంలో సున్నపు గులకలకు కొదవలేదు. పాతకాలపు పరికరాలకు ఎముక కూడా చాలా కావలసివచ్చేది. ఒక మనిషి వయసు తెలుసుకోవాలంటే అతని ఒంట్లో చెప్పుకోదగ్గ భాగాన్ని పొడిచేసి కాల్చేయవలసిందే. ఏ ఎముక మీద అతని జీవితం రాసి ఉందో, ఆ ఎముకనే పుట్టినతేదీ కోసం తగలబెట్టడమన్నమాట.

చివరికి వచ్చిన జవాబులు చూడండి. సరాయ్ నాహర్ రాయ్‌లో కాలని ఎముక పది వేల ఏళ్ళకు పైమాటే అంది. అదే చోట కాలిన ఎముక మూడు వేల ఏళ్ళు కూడా లేదంది. మహదహా ఎముకలు మూడు, నాలుగు వేల ఏళ్ళ దగ్గర ఆగాయి. ఆ తరువాత చిటికెడు నమూనాతో సరిపెట్టుకునే యాక్సెలరేటర్ పద్ధతి వచ్చాక దమ్‌దమా నుంచి తొమ్మిది వేల ఏళ్ళకు కాస్త తక్కువగా, సవరించని తేదీలు వచ్చాయి. ఒకే రకం మనుషులు, ఒకే రకం గోతులు, ఒకే జిల్లా. తేదీల మధ్య ఎడం మాత్రం ఏడు వేల ఏళ్ళు!

నా ఫిర్యాదు ఆ తేదీల మీద కాదు, వాటిలో ఒకదాన్ని మనం ఎంచుకునే తీరు మీద. పాత తేదీ సరైనదైతే వీళ్ళు సేద్యానికి ముందువాళ్ళు. కొత్త తేదీ సరైనదైతే వీళ్ళు రైతులకూ, పశువుల కాపరులకూ ఇరుగుపొరుగువాళ్ళు. జనం కోసం రాసే పుస్తకాలు చాలావరకు మరో మాట లేకుండా పాత తేదీని తీసుకుంటాయి. కారణం? వేటగాళ్ళు కదా, పాతవాళ్ళే అయ్యుంటారు. పాతవాళ్ళు కదా, వేటగాళ్ళే అయ్యుంటారు. గానుగెద్దు తిరిగినట్టు తర్కం అక్కడక్కడే తిరుగుతుంది. నా మట్టుకు నేను దమ్‌దమా తేదీలనే ఎక్కువ నమ్ముతాను. నమ్మేది నమూనా తీసిన పద్ధతి మెరుగైనది కనుక. వేటగాడు కొత్త కాలంలో ఉండకూడదన్న నియమం వల్ల మాత్రం కాదు.

అలాంటి నియమమేదీ లేదనడానికి గుజరాత్‌లోని లాంఘ్నాజ్ ఉంది. 1940లలో హెచ్. డి. సంకాలియా, ఇరావతి కర్వే అక్కడ తవ్వారు. (అన్నట్టు, మహాభారతం మీద 'యుగాంత' రాసిన కర్వే ఈవిడే. ఎముకలు కొలిచిన చేత్తోనే ద్రౌపదిని గురించి రాసింది.) అక్కడివాళ్ళు కూడా వేటగాళ్ళే, సూక్ష్మ రాతి పనిముట్లు వాడినవాళ్ళే. కానీ వాళ్ళ మధ్య ఒక రాగి కత్తి దొరికింది. గ్రెగరీ పోసెల్, కెన్నడీ 1979లో రాసిన వ్యాసంలో ఆ వేటగాళ్ళకూ హరప్పా నాగరికులకూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండేవని వాదించారు. అంటే లోథల్‌లో ఇటుకల ఊరు వెలసిన కాలంలో దానికి కొన్ని రోజుల నడకలో జింకలు కొట్టేవాళ్ళున్నారు. వాళ్ళు వెనకబడి అక్కడ ఆగిపోలేదు. పక్కవాడి దగ్గర కత్తి తీసుకుని తమ పని తాము చేసుకున్నారు.

మన దగ్గరి మాట కూడా ఒకటి చెప్పాలి. కర్నూలు ప్రాంతపు జ్వాలాపురంలోని ఒక రాతిచరియ నీడలో ముప్పై అయిదు వేల ఏళ్ళనాటి నుంచి సూక్ష్మ రాతి పనిముట్లు దొరికాయి. పూసలూ, మనిషి పుర్రె ముక్కలు కొన్నీ ఉన్నాయి. అంతకు మించి అస్థిపంజరాలు లేవు. ఆ ఊళ్ళోనే, 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం కక్కిన బూడిద పొర ఉంది. దాన్ని జనం తవ్వి తీసి అంట్లు తోమే పొడికి అమ్ముకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియదు. గంగా మైదానంలో ఎముకలుండీ తేదీ తేలలేదు. ఇక్కడ తేదీలుండీ మనుషులు లేరు.

ఇక చెంచుల సంగతి. హైమెండార్ఫ్ 1943లో వాళ్ళ మీద పుస్తకం రాసేనాటికే వాళ్ళు తేనె, అడవి సరుకులు మైదానంవాళ్ళకిచ్చి తమకు కావలసినవి తెచ్చుకుంటున్నారు. బాణపు ములుకు ఇనుపది. మాట్లాడే మాట తెలుగు. మన పక్కనే, మన కాలంలోనే, మనతో బేరమాడుతూ బతికినవాళ్ళను 'ఆదిమ' అన్న అరలో పెట్టేస్తే, వాళ్ళను అడవి నుంచి కదిలించడం అభివృద్ధి పేరుతో సులువవుతుంది. ఎలాగూ పోవలసిన కాలమే కదా అనిపిస్తుంది. పాఠ్యపుస్తకంలో బొమ్మ నన్ను కలవరపెట్టింది అందుకే.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను, ఓపిగ్గానే విన్నాడు. వారం తరువాత యూనిట్ పరీక్షలో 'ఆదిమానవుడు ఎలా జీవించేవాడు?' అన్న ప్రశ్న వచ్చిందట. ఏం రాశావురా అంటే, "పుస్తకంలో ఉన్నదే రాశాను మామయ్యా, అయిదుకి అయిదు వేశారు" అన్నాడు.