ఓడితే ఇంటికే అన్న భయం ఉండాలి

డిసెంబరు వచ్చిందంటే ఐర్లండ్‌లో కౌంటీల గేలిక్ బోర్డులు వార్షిక సమావేశాలు పెట్టుకుంటాయి. క్లబ్బుల ప్రతినిధులు వస్తారు, ఆదాయ వ్యయాలు చదువుతారు, వచ్చే ఏడాది పోటీలు ఎలా నడపాలో తీర్మానాలు చేస్తారు. ఏటా ఎక్కడో ఒకచోట అదే తీర్మానం తలెత్తుతుంది: గేలిక్ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌లో ప్రతి క్లబ్బుకూ కనీసం మూడు ఆటలు ఖాయం చేయాలి, జట్లను గ్రూపులుగా విడగొట్టాలి, గ్రూపు నుంచి వీలైనన్ని జట్లను ముందుకు పంపాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది కాబట్టి చేతులు లేస్తాయి. ఆ న్యాయం పైపైదేనని నా అభిప్రాయం. ఓడినా పోయేదేమీ లేని ఆటలు ఎన్ని పెంచితే ఛాంపియన్‌షిప్ అంత పలచబడుతుంది. నష్టపోయేది కూడా ఆ తీర్మానం ఎవరి పేరు చెప్పుకుని వస్తోందో ఆ చిన్న క్లబ్బులే.

ఈ ఆటలో క్లబ్బంటే ఊరు. ఆటగాడు సాధారణంగా పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) జట్టుకే ఆడతాడు, జీతం ఉండదు, ఎక్కువ డబ్బిచ్చే మరో జట్టుకు అమ్ముడుపోవడం ఉండదు. వారమంతా డబ్లిన్‌లో ఉద్యోగం చేసి, సాధనకూ ఆటకూ గంటల తరబడి కారు నడుపుకుంటూ సొంతూరు చేరేవాళ్లు ఈ జట్ల నిండా ఉన్నారు. 1887లో తొలి అఖిల ఐర్లండ్ పోటీ జరిగినప్పుడు కౌంటీల తరఫున బరిలోకి దిగినవి కౌంటీ విజేతలైన క్లబ్బులే. లిమరిక్ కమర్షియల్స్ అనే క్లబ్బు ఫుట్‌బాల్ టైటిల్ గెలుచుకుంది. తర్వాత కౌంటీ జట్లు పెరిగి పెద్దవై క్లబ్బుల క్యాలెండర్‌ను మింగేశాయి. వేసవంతా కౌంటీ జట్టు ఎప్పుడు ఓడుతుందా అని క్లబ్బులు కాచుకుని కూర్చోవాల్సిన దుస్థితి వచ్చింది. దానితో విసిగిన ఆటగాళ్లే 2017లో క్లబ్ ప్లేయర్స్ అసోసియేషన్ పెట్టుకుని పోరాడారు. 2022 నుంచి కౌంటీ జట్ల అఖిల ఐర్లండ్ ఫైనళ్లు జులైలోనే ముగిసిపోయి, ఏడాదిలో మిగిలిన భాగమంతా క్లబ్బుల చేతికొచ్చింది. అలా పోరాడి తెచ్చుకున్న నెలలను ఎలా ఖర్చు చేస్తున్నారన్నదే నా ప్రశ్న. ఆ సంఘం అడిగింది ఆట ఎప్పుడో ముందే తెలియాలని. ఫలితంతో పనిలేని ఆటలు కావాలని వాళ్లు ఎన్నడూ అడగలేదు.

ఇక లెక్క చూడండి. 16 జట్లను నాలుగేసి చొప్పున గ్రూపులు చేసి, గ్రూపుకు మూడు జట్లను ముందుకు పంపితే, 24 ఆటలు ఆడి నాలుగు జట్లను మాత్రమే ఇంటికి పంపినట్టు. అదే 16 జట్లకు నాకౌట్ పెడితే 15 ఆటల్లో విజేతే తేలిపోతుంది. ఇది ఊహాలెక్క కాదు. 2023 నుంచి 2025 దాకా మూడేళ్లపాటు కౌంటీ జట్ల అఖిల ఐర్లండ్ సీనియర్ పోటీ సరిగ్గా ఇలాగే నడిచింది. మొదటి రెండు ఆటలు గెలిచిన జట్టు మూడోది ఓడినా ముందుకెళ్లడం ఖాయం, ఓడుతూ వచ్చిన జట్టుకు కూడా ఆఖరి ఆటతో గట్టెక్కే దారి. స్టేడియంలో ఉత్సాహం తగ్గిందని అందరూ మొత్తుకున్నాక, 2025 ఫిబ్రవరిలో ఈ ఆటను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ మహాసభే దాన్ని రద్దు చేసి 2026కి వేరే పద్ధతి పెట్టింది. పైవాళ్లు చూసి పారేసిన దాన్ని కిందివాళ్లు ఏరి తెచ్చుకోవడం దేనికి?

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఈ విషయంలో ఆ ఉలిపికట్టె టిరోన్ కౌంటీ. అక్కడ సీనియర్ ఛాంపియన్‌షిప్‌లో 16 క్లబ్బులు, మొదటి రౌండు నుంచే నాకౌట్. ఓడితే ఇంటికే, రెండో అవకాశం లేదు. 2004, 2005 సంవత్సరాల్లో కారిక్‌మోర్ వరుసగా గెలిచింది. ఆ తర్వాత 2006 నుంచి 2024 వరకు 19 ఏళ్లలో ఏ క్లబ్బూ టైటిల్‌ను మరుసటి ఏడు నిలబెట్టుకోలేకపోయింది. ఆ 19 ఏళ్లలో ఎనిమిది వేర్వేరు క్లబ్బులు కప్పు ఎత్తాయి: ఎరిగల్ కీరన్, డ్రోమోర్, క్లొనో, కోలైలండ్, ఒమా, ట్రిలిక్, కిలీక్లోహర్, డంగానన్. డంగానన్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1956 తర్వాత మళ్లీ 2020లో గెలిచింది, అదీ అంతకు ముందు ఏడాది విజేత ట్రిలిక్ మీద, అదనపు సమయంలోనూ తేలక పెనాల్టీ కిక్కులతో. 64 ఏళ్లు కప్పు ముఖం చూడని క్లబ్బు కూడా మొదటి రౌండులో పూర్తి నమ్మకంతో మైదానంలోకి దిగగలగడం నాకౌట్ ఇచ్చిన వరం. దీని పక్కన లీష్ కౌంటీలో పోర్ట్‌లీష్ 2007 నుంచి 2015 దాకా తొమ్మిదిసార్లు, గాల్వేలో కొరఫిన్ 2013 నుంచి 2019 దాకా ఏడుసార్లు వరుసగా గెలవడం పెట్టి చూడండి. గొప్ప జట్టు ఏ పద్ధతిలోనైనా గెలుస్తుందన్నది నిజమే, కొరఫిన్ అఖిల ఐర్లండ్ స్థాయిలోనూ గెలిచి చూపించింది. కానీ బలమైన జట్టుకు ఒక చెడ్డ రోజు ఎదురైతే గ్రూపు దాన్ని కాపాడుతుంది, నాకౌట్ కాపాడదు. బలహీన జట్టు ఆశ పెట్టుకునేది ఆ ఒక్క చెడ్డ రోజు మీదే.

ఇక్కడ ఎదురొచ్చే మొదటి వాదన బలమైనదే. జనవరి చలిలో సాధన మొదలుపెట్టిన కుర్రాడు సెప్టెంబరులో ఒక్క గంట ఆడి ఓడిపోతే, ఏడాది శ్రమంతా ఆ గంటతో సరా? సరి కాదు, కాకూడదు కూడా. అయితే దానికి జవాబు ఛాంపియన్‌షిప్‌లో వెతికితే దొరకదు, లీగులో దొరుకుతుంది. టిరోన్‌ను మెచ్చుకునేవాళ్లు నాకౌట్ గురించే మాట్లాడి ఈ సగాన్ని వదిలేస్తుంటారు. అక్కడ లీగు మొదటి డివిజన్‌లో ఉన్న 16 జట్లే సీనియర్ ఛాంపియన్‌షిప్ ఆడతాయి. లీగులో కింది డివిజన్‌కు పడిపోతే మరుసటి ఏడు ఒక మెట్టు కిందున్న ఇంటర్మీడియట్ ఛాంపియన్‌షిప్‌లో ఆడాల్సిందే. అంటే వసంతం నుంచి జరిగే ప్రతి లీగు ఆటకూ విలువుంది. కౌంటీ జట్టుకు వెళ్లిన ఇద్దరు ముగ్గురు లేకపోయినా మిగిలిన కుర్రాళ్లు ఆడి క్లబ్బు స్థానాన్ని కాపాడాలి. ఆటల సంఖ్య లీగు ఇస్తుంది, ప్రాణసంకటం ఛాంపియన్‌షిప్ ఇస్తుంది. చాలా కౌంటీలు లీగును ఎవరూ పట్టించుకోని సన్నాహక పోటీగా దిగజార్చి, ఆ లోటు పూడ్చడానికి ఛాంపియన్‌షిప్‌ను లీగులా సాగదీస్తున్నాయి. చివరికి రెండూ చెడుతున్నాయి.

రెండో వాదన టిరోన్‌లోనే వినిపిస్తుంది. ఒకరినొకరు ఇలా నరుక్కోవడం వల్లే మా క్లబ్బులు బయటికెళ్లి గెలవలేకపోతున్నాయని అక్కడివాళ్లే అంటారు. అల్‌స్టర్ ప్రావిన్స్ క్లబ్ టైటిల్ టిరోన్‌కు తెచ్చింది ఒక్క ఎరిగల్ కీరనే, 1993, 2002, 2024 సంవత్సరాల్లో. అఖిల ఐర్లండ్ సీనియర్ క్లబ్ టైటిల్ అయితే ఇప్పటిదాకా ఏ టిరోన్ క్లబ్బుకూ దక్కలేదు. 2025 జనవరి ఫైనల్లో ఎరిగల్ కీరన్ డబ్లిన్ క్లబ్బు కూలా చేతిలో ఓడింది. కానీ కౌంటీ ఛాంపియన్‌షిప్ పెట్టుకున్నది బయట గెలిచే ఒక్క జట్టును మేపడానికా, 16 ఊళ్లకూ ఒక ఆశ ఇవ్వడానికా? రెండోదానికే అని నేనంటాను. పైగా ఈ నాకౌట్‌లో కాగిన ఆటగాళ్లతోనే టిరోన్ కౌంటీ జట్టు 2003, 2005, 2008, 2021 సంవత్సరాల్లో అఖిల ఐర్లండ్ గెలిచింది. ఓడితే పోతామన్న ఒత్తిడిలో ఆడటం వాళ్లకు కుర్రతనం నుంచే అలవాటు.

గ్రూపులన్నీ పనికిరానివని మాత్రం అనను. కార్క్ 2020లో తెచ్చిన సంస్కరణ చూడండి. పై శ్రేణిలో 12 జట్లు, నాలుగేసి చొప్పున మూడు గ్రూపులు, గ్రూపుకు రెండే ముందుకు. 18 ఆటల తర్వాత సగం జట్లు ఇంటికెళతాయి కాబట్టి ఆఖరి రౌండు దాకా బిగి ఉంటుంది. శ్రేణుల మధ్య ఏడాదికి ఒక్క జట్టే పైకి, ఒక్కటే కిందికి కాబట్టి సమ ఉజ్జీలు ఒకచోట చేరతారు, 20 పాయింట్ల తేడాతో చిత్తయ్యే ఆటలు తగ్గుతాయి. పద్ధతి ఏదైనా సగానికి తక్కువ కాకుండా జట్లు నిష్క్రమించాలి. ఆ గీత దాటనంతవరకు గ్రూపుతో నాకు పేచీ లేదు.

సమ ఉజ్జీలన్న మాట వచ్చింది కాబట్టి కెర్రీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ శ్రేణుల వ్యవహారమే అన్నిటికన్నా పెద్ద అన్యాయమని నేను నమ్ముతున్నాను. గేలిక్ ఫుట్‌బాల్‌లో అత్యధిక టైటిళ్లున్న కెర్రీ తన కౌంటీలో ఏళ్లుగా ఎనిమిది క్లబ్బులకే సీనియర్ హోదా ఇస్తూ వచ్చింది. మిగతా క్లబ్బుల ఆటగాళ్లు ఈస్ట్ కెర్రీ, మిడ్ కెర్రీ లాంటి ప్రాంతీయ ఉమ్మడి జట్లలో చేరి కౌంటీ ఛాంపియన్‌షిప్ ఆడతారు. ఇది మంచి ఏర్పాటే, చిన్న ఊరి కుర్రాడికి సీనియర్ ఆట దొరుకుతుంది. అయితే సొంత క్లబ్బు పేరుతో ఆడేటప్పుడు వాళ్లే ఇంటర్మీడియట్, జూనియర్ జట్లుగా దేశం మీదికి వెళతారు. 2015లో అఖిల ఐర్లండ్ ఇంటర్మీడియట్ కప్పు ఆర్డ్‌ఫర్ట్‌ది, జూనియర్ కప్పు బ్రాస్నాది, రెండూ కెర్రీకే. 2016లో సెయింట్ మేరీస్, టెంపుల్‌నో, మళ్లీ రెండూ కెర్రీకే. 2023 జనవరిలో రాత్‌మోర్, ఫాసా, మరోసారి రెండూ కెర్రీకే. ఆ ఫాసా జూనియర్ జట్టులో ఆడినవాడు డేవిడ్ క్లిఫర్డ్. అంతకు ఆరు నెలల ముందే కెర్రీతో అఖిల ఐర్లండ్ గెలిచి, 2022 సంవత్సరానికి దేశంలో ఉత్తమ ఫుట్‌బాలర్ అనిపించుకున్నవాడు. తన ఊరి జట్టుకు ఆడటం అతని హక్కు, అందులో అతని తప్పు రవ్వంత లేదు. తప్పు అతని క్లబ్బును మూడో శ్రేణి అని ముద్రవేసిన పద్ధతిది. జూనియర్ పోటీ పెట్టిందే దేశంలోని నిజమైన చిన్న క్లబ్బులకు ఒక్కసారైనా డబ్లిన్‌లోని జాతీయ స్టేడియం క్రోక్ పార్క్ గడ్డి తొక్కే అదృష్టం ఉండాలని. ప్రతి కౌంటీ తన క్లబ్బుల్లో ఇంత వాటాను సీనియర్‌గా గుర్తించి తీరాలని జాతీయ నిబంధన పెడితే ఈ చిక్కు విడిపోతుంది. కెర్రీ తన ఉమ్మడి జట్లను వదులుకోవాల్సిన పనీ లేదు, బయటికి పంపే జట్ల శ్రేణిని మార్చుకుంటే చాలు.

మూడు ఆటల హామీ కోసం ఇంత పట్టుదల ఎక్కడి నుంచి వస్తోందని ఆలోచిస్తే నాకు ఆటగాళ్లకన్నా ముందు బయటి ఊళ్ల నుంచి తెచ్చుకుంటున్న మేనేజర్లే కనిపిస్తున్నారు. నిబంధనల ప్రకారం మేనేజర్‌కు ఖర్చులు తప్ప జీతం ఇవ్వకూడదు. ఆ నియమం ఎలా అమలవుతోందో ఐర్లండ్‌లో తెలియనివాళ్లు లేరు. 2012లో అసోసియేషన్ అప్పటి డైరెక్టర్ జనరల్ పారిక్ డఫీ దీనిపై ఒక చర్చాపత్రమే విడుదల చేసి, ఉన్నదున్నట్టు వదిలేయడమో, నియమాన్ని కచ్చితంగా అమలు చేయడమో, చెల్లింపును చట్టబద్ధం చేయడమో ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. తేల్చుకోకుండానే ఏళ్లు గడిచిపోయాయి. ఒక్క ఆటతో ఇంటిదారి పట్టే పోటీ బయటి నుంచి వచ్చిన మేనేజర్‌కు నచ్చదు. మూడు ఆటలుంటే మొదటి ఓటమిని సర్దిచెప్పుకునే వ్యవధి దొరుకుతుంది. లాటరీ టికెట్లు అమ్మి, సభ్యుల చందాలు కూడబెట్టి ఆ డబ్బు సమకూరుస్తున్నది ఊరివాళ్లే. కాబట్టి సమావేశానికి వెళ్లే ప్రతినిధి మూడు ఆటల తీర్మానానికి చెయ్యెత్తే ముందు, తన క్లబ్బు నిరుడు జట్టు సన్నాహాల కింద ఎంత ఖర్చు రాసిందో, అందులో ఆటగాళ్లకు చేరిందెంతో, మేనేజర్ ప్రయాణ ఖర్చుల పద్దులో పడిందెంతో కోశాధికారిని అడగాలి. జవాబు కాగితం మీద రాయించుకుని ఊళ్లో సభ్యులందరికీ చూపించాలి.