యంత్రం వింటుందంట, సర్కారుకే చెవుడు!

పక్షవాతం వస్తే కాలూ చెయ్యితో పాటు మనసు కూడా పడిపోద్ది. మన పల్లెల్లో ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు. చెయ్యి లేస్తోందా, మూతి వంకర తగ్గిందా అని అడుగుతారు. మనిషి గోడవైపు తిరిగి పడుకుని, కూడు ముట్టకుండా ఏడుస్తుంటే మాత్రం “పొగరు” అంటారు, “గాలి సోకింది” అంటారు. అది జబ్బు. పక్షవాతం నుంచి బతికి బయటపడ్డ ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి దిగులు జబ్బు వస్తుందని వైద్యులే తేల్చారు. మెదడుకు తగిలిన దెబ్బ ఒక కారణం, తలకిందులైన బతుకు ఇంకో కారణం. దానికి మందుబిళ్లలున్నాయి, మాటలతో చేసే వైద్యం ఉంది.

భూమి ఉన్నోడికి చెయ్యి పడిపోతే పొలం కౌలుకిస్తాడు. మనోడికి ఆ చెయ్యే పొలం. మిరప చేలల్లో కాయ కోసే చెయ్యి, పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో రాయి మోసే చెయ్యి. అది పడిపోయిన రోజే కూలి పడిపోద్ది, అప్పు లేచి కూర్చుంటది. ఈ దిగులుకి కులం లేదంటే మేం ఒప్పుకోం.

ఇప్పుడు కొత్త పాట ఎత్తుకున్నారు. కృత్రిమ మేధ వచ్చింది, ఏఐ వచ్చింది, ఫోనే పలకరిస్తుంది, ఫోనే ఓదారుస్తుంది అంటున్నారు. యంత్రం మాకు శత్రువు కాదు. మన తాతలకి అక్షరం అందనివ్వనోళ్లు రేపు యంత్రాన్నీ అందనివ్వరని తెలుసు. అందుకే వద్దనడం లేదు, అడుగుతున్నాం.

పక్షవాతంలో చాలామందికి మాట పడిపోతుంది, లేదా ముద్దగా వస్తుంది. మాట్లాడితేనే వినే యంత్రం వాళ్ల గోడు ఎట్లా వింటుంది? “నాకు నూకలు చెల్లినయ్” అని మన ముసలమ్మ అంటే అది చావు మాటని దానికి తెలుస్తుందా, బియ్యం లెక్క అనుకుంటుందా? ఇంట్లో ఉన్న ఒక్క ఫోను కొడుకు జేబులో కూలికి పోతే ఆమెకి తోడెవరు? చెప్పుకున్న బాధ ఏ కంపెనీ ఖాతాలో పడుతుంది?

1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలిజా అనే ప్రోగ్రాం తయారుచేశాడు. మనిషి మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే. అయినా జనం దానికి గుండె విప్పి చెప్పుకున్నారు. అది చూసి తయారుచేసినోడే కలవరపడి, 1976లో హెచ్చరిస్తూ పుస్తకం రాశాడు. నేటి యంత్రాలు దానికన్నా ఎన్నోరెట్లు తెలివైనవే. అయినా 2025 ఆగస్టులో ఇల్లినాయిస్ రాష్ట్రం, మనసు వైద్యం ఏఐ సొంతంగా చెయ్యకూడదని చట్టం చేసింది. అక్కడోళ్లకి మనిషి, పల్నాటి కూలోడికి ఫోనా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సర్కారు నుంచి మనసు వైద్యం పొందడం హక్కు, దారిద్ర్యరేఖకు దిగువనున్నోళ్లకి ఉచితం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. బోర్డులు మారితే చాలదు. మాచర్ల రోగి గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలంటే వంద కిలోమీటర్ల పైనే. పోను ఛార్జీ, రాను ఛార్జీ, తోడొచ్చినోళ్ల కూలి ఎవడిస్తాడు?

కనుక మన డిమాండ్లు ఇవి. నరసరావుపేట, మాచర్ల, గురజాల సర్కారు ఆసుపత్రుల్లో పక్షవాత రోగులకి వ్యాయామం చేయించేవాళ్లు, మాట నేర్పేవాళ్లు, మనసు వైద్యులు ఉండాలి. మంచానికో వీల్‌చైరుకో పరిమితమైన వాళ్లకిచ్చే 15,000 రూపాయల పింఛను కోసం రోగిని ఆటోల్లో తిప్పకుండా సర్టిఫికెట్ ఇంటికొచ్చి ఇవ్వాలి. ఏఐని తెస్తే ఆశా కార్యకర్త చేతికివ్వండి. బిళ్ల వేళ గుర్తుచెయ్యనీ, వ్యాయామం చూపించనీ. ప్రమాదం కనపడితే వెంటనే మనిషికి కబురు పోవాలి. మన యాస నేర్పేటప్పుడు మన పల్లెలవాళ్లని కూర్చోబెట్టుకోవాలి.

సంఘం కార్యకర్తలారా, ఈ పక్షంలోనే ఇల్లిల్లూ తిరగండి. పక్షవాతం వచ్చినవాళ్లని రెండు మాటలడగండి: రెండు వారాలుగా దిగులుగా ఉంటుందా? దేని మీదా ఇష్టం లేకుండా పోయిందా? మాట పోయినవాళ్లయితే తల ఊపినా చాలు. అవునంటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చావు మాటెత్తితే ఒంటరిగా వదలొద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద రాయండి. రాత్రీపగలూ ఉచితం, తెలుగులో మనిషే మాట్లాడతారు.

బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకునే నేల ఇది. వైద్యంలో చాపకూడు ఎప్పుడు పెడతారు? పెట్టేదాకా అడుగుదాం.

జై భీమ్!