క్రొత్త వాకిలి, పాత యలవాటు

వంటయింటిలో పోపులపెట్టెను ఒక గూటినుండి మరియొక గూటికి మార్చి చూడుడు. మార్చినవి మన చేతులే యయినను, మరునాడు పొయ్యిమీద నూనె కాగుచుండగా చేయి పాత గూటికే పోవును. బుద్ధి క్షణములో గ్రహించినదానిని చేయి నేర్చుటకు పది దినములు పట్టును. మా యెల్లారెడ్డిపేటకు పొరుగుననున్న సిరిసిల్లలో చేతిమగ్గము విడిచి మరమగ్గమునకు వచ్చిన పెద్దలకు ఈ సంగతి వేరుగా చెప్ప నక్కరలేదు. నాడెను చేతితో నాడించినవారికి, మర తానే నాడించుచుండగా దారము తెగుటను మాత్రము కనిపెట్టుకొని నిలుచుట యొక క్రొత్త విద్యయే.

ఈ మాసము మేము వ్రాయదలచినది అట్టి మార్పే. కాని యిది కంప్యూటరులోనిది. అంతర్జాలమును చూచుటకు మనము తెరచు వాకిలికి బ్రౌజరని పేరు. తెలుగువారు కొందరు దీనిని విహారిణి యని ముద్దుగా పిలుచుచున్నారు. తెరమీద నున్న యా చిన్న బొమ్మయే అంతర్జాలమని తలచు సోదరీమణులు పెక్కుమంది కలరు. అది వాకిలియే గాని యిల్లు కాదు. వాకిలి మార్చినంతమాత్రమున లోపలి వస్తువు లెచ్చటికిని పోవు.

ఈ వాకిళ్లు మారుట క్రొత్త కాదు. 1990లో జెనీవాయొద్ద సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ మొదటి బ్రౌజరును వ్రాసెను. 1993లో మొజాయిక్, 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు వచ్చినవి. కొన్నేండ్లపాటు ప్రపంచమంతయు ఈ కడపటిదానినే వాడెను. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్సు మొదటి పూర్తి సంచికయు, 2008 సెప్టెంబరులో క్రోమును వెలువడినవి. ఏకచ్ఛత్రముగా నేలిన ఎక్స్‌ప్లోరరునకు 2022 జూన్ 15వ తేదీతో సెలవు చెప్పిరి.

తెలుగు చదువరులకు ఈ మార్పులో వేరొక కష్టముండెను. తెలుగు లిపికి యూనికోడు సంకేతములు 1991లోనే యేర్పడినను, మన పత్రికలు చాలకాలము తమ తమ సొంత ఖతులతోనే అంతర్జాలమున వెలువడుచుండెను. అట్టివానిలో కొన్ని ఎక్స్‌ప్లోరరులో మాత్రమే చక్కగా కనబడెడివి. తక్కిన బ్రౌజరులలో తెరచినచో అర్థము లేని గుర్తులే కనబడెడివి. వాకిలి మార్చినచో మాతృభాష మాయమయ్యెడిది! 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యను ఖతి వచ్చుటయు, ఆ పత్రికల యక్షరములను యూనికోడులోనికి మార్చి చూపు ‘పద్మ’ యను ఉపకరణము ఫైర్‌ఫాక్సునకు చేకూరుటయు గొప్ప మేలయ్యెను. దానిని నిర్మించిన వెన్న నాగార్జునగారే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినవారు. నేడు తెలుగు ఏ బ్రౌజరులోనైనను కనబడుచున్నదన్నచో, అది వారివంటివారు పడిన శ్రమఫలమే.

ఇక మా మాట. మా యింటి కంప్యూటరు పాతది. విండోస్ 7తో నడచునది. 2023లో క్రోము ఆ విండోసునకు క్రొత్త సంచికల నిచ్చుట మానెను. ఫైర్‌ఫాక్సువారు మాత్రము తమ 115వ సంచికకు రక్షణ సవరణలను మరికొంతకాలము పంపుచుండిరి. అందుచేత మేము మారితిమి. విండోస్ 7కే 2020 జనవరి 14తో సవరణలు నిలిచిపోయినవి గనుక, ఇది కూలుచున్న గోడకు క్రొత్త తలుపు పెట్టుట వంటిదేనని యెరుగుదుము. అయినను క్రొత్త యంత్రము కొనువరకు తలుపైన గట్టిగా నుండవలెను గదా!

మొదటివారము విసుగు కలిగిన మాట నిజము. రహస్యపు కిటికీ తెరచుటకు మునుపు కంట్రోలు, షిఫ్టు, ఎన్ అను మూడు మీటలు నొక్కెడివారము. ఫైర్‌ఫాక్సులో ఎన్ బదులు పి నొక్కవలెను. ఎన్ నొక్కినచో మూసిన పాత కిటికీ మరల తెరచుకొనును. దినమునకు పదిమార్లు ఈ పొరపాటు చేసితిమి. మూడవవారమునకు చేయి తానే సర్దుకొనెను. ఇష్టమైన పుటల గుర్తులు మాత్రము పాత బ్రౌజరునుండి క్రొత్తదానిలోనికి ఒక్క నొక్కుతో వచ్చి చేరెను.

అసలు చిక్కు రహస్యపదముల దగ్గర వచ్చెను. అవి వచ్చునో రావో చూచుకొనలేదు. మా అమ్మాయి విద్యార్థివేతనపు దరఖాస్తు సరిచేయుటకు రెండుదినములే గడువు. పుట తెరచితిమి; పాస్‌వర్డు అడిగెను. ఇన్నాళ్లు పాత బ్రౌజరే దానిని మా తరఫున నింపుచుండుటచేత అది మాలో నెవరికిని జ్ఞాపకము లేదు. క్రొత్తది తెచ్చుకొందమన్న, సంకేతసంఖ్య ఆ దరఖాస్తులో వ్రాసిన ఫోను నంబరునకు పోవును. ఆ నంబరు మేము విడిచి సంవత్సరమయినది. పిల్ల కన్నులలో నీరు తిరిగెను. దైవవశమున పాత బ్రౌజరును తీసివేయలేదు. దానిలోని సెట్టింగులలో పాస్‌వర్డుల జాబితా తెరచి చూడగా ఆ పదము కనబడెను. క్రొత్తది వచ్చినదను నుత్సాహమున దానిని ముందే తుడిచివేసి యుండినచో ఆ సంవత్సరపు విద్యార్థివేతనము పోయెడిదే. ఇందు తప్పు బ్రౌజరుది కాదు. మన తాళపుచెవి యెచ్చట నున్నదో మనమే యెరుగకుండుట తప్పు.

అందుచేత మారదలచిన సోదరీమణులకు మేము చెప్పునది యిది. పాత బ్రౌజరును ఒక నెలయైనను ఉంచుడు. రహస్యపదములు క్రొత్తదానిలోనికి వచ్చినవో లేదో ఒక్కొక్కటిగా తెరచి చూచుకొనుడు. వానిని ఫైలుగా దించుకొన్నచో, ఆ ఫైలు ఎవరైనను చదువదగినట్లు బాహాటముగా నుండును. పని తీరగానే తుడిచివేయుడు. క్రొత్త బ్రౌజరును వెదకి పట్టిన యేదో పుటనుండి కాక, దానిని చేసిన సంస్థ పుటనుండియే తెచ్చుకొనుడు. దానికి తగిలించు ఉపకరణములను సాధ్యమైనంత తగ్గించుడు. వానిలో కొన్ని మనము చూచు ప్రతి పుటను తామును చూడగలవు.

ఇంట కంప్యూటరు లేక, ఊరిలోని ఇంటర్నెట్ దుకాణమునకు పోవువారే మనలో నెక్కువ. బీడీలు చుట్టి కూడబెట్టిన పైకము, స్వయం సహాయక సంఘపు లెక్కలు, పిల్లల చదువుల దరఖాస్తులు అన్నియు అచ్చటనే తెరచుచున్నారు. ఆ యంత్రము “పాస్‌వర్డు దాచనా?” యని యడిగినప్పుడు వలదనుడు. దాచినచో, మీ తరువాత కూర్చున్నవారికి మీ పెట్టె తాళము అప్పగించినట్లే. రహస్యపు కిటికీలో పని చేసికొని, ముగింపున లాగౌటు చేసి, కిటికీ మూయుడు. ఆ కిటికీ మీరు చూచిన పుటల జాబితాను ఆ యంత్రములో మిగుల్చదు. అంతియే గాని, అంతర్జాలము నిచ్చు సంస్థకు మీరు పోయిన చోటులను మరుగుపరుపజాలదు. దుకాణదారుడు మంచివాడు కావచ్చును. అతడు మన ఊరివాడే, మనలను అక్కా యని పిలుచువాడే కావచ్చును. అయినను తాళపుచెవి మన కొంగున నుండుటయే మేలు.

ఈ వారములో ఒక గంట వీలు చేసికొని, ఇంటివారి దరఖాస్తులలోను బ్యాంకు ఖాతాలలోను ఏ ఫోను నంబరు వ్రాయించితిరో ఒక పుస్తకమున వ్రాసి బీరువాలో నుంచుడు. విడిచిన నంబరున్నచో వెంటనే మార్పించుడు. బ్రౌజరు మార్చినను, మార్చకున్నను, ఆ గంట వ్యర్థము కాదు.