చెమటకు వాటా

గోదావరిఖని మొదలు బెల్లంపల్లి వరకు బొగ్గుబాయి కుటుంబములు ఏటేట లాభాల వాటా కొఱకు ఎదురుచూచును. 2024 సెప్టెంబరులో, విస్తరణకు తీసియుంచగా మిగిలిన సింగరేణి లాభములో 33 శాతము, అనగా 796 కోట్ల రూపాయలు, కార్మికుల వాటాగా ప్రకటింపబడెను. సంస్థ ఉద్యోగికి సగటున 1,90,000 రూపాయలు వచ్చెను. కాంట్రాక్టు కార్మికునకు 5,000 రూపాయలు, అదియు మొట్టమొదటిసారి. ఇరువురు పీల్చునది ఒకే బొగ్గుధూళి. ఇంత అంతరము న్యాయమేనా?

ఈ ప్రశ్నను తూచుటకు మన ప్రాంతమున అంతగా వినబడని త్రాసు ఒకటి కలదు. అది కతోలిక సంఘమువారి సామాజిక బోధ. 1891లో 13వ లియో పోపు ‘రేరుమ్ నోవారుమ్’ అను లేఖ వెలువరించెను. అందు ఆయన సొంత ఆస్తి హక్కును సమర్థించెను, సోషలిజమును నిరాకరించెను. అయినను, ఆకలికి లొంగి కార్మికుడు ఒప్పుకొన్నంత మాత్రమున చాలీచాలని కూలి న్యాయమైనది కానేరదని హెచ్చరించెను. సంఘము పెట్టుకొను హక్కును అంగీకరించెను. 1931లో 11వ పయస్ పోపు, సాధ్యమైనచోట యాజమాన్యములోనో నిర్వహణలోనో లాభములోనో కార్మికునకు భాగముండుట మేలనెను. 1981లో రెండవ జాన్ పాల్ పోపు పెట్టుబడికంటె శ్రమయే ముందనెను. ప్రభుత్వపరమైనంతనే పరిశ్రమ ప్రజలది కాజాలదనియు చెప్పెను.

ఈ చివరి మాట సింగరేణికి సూటిగా తగులును. ఆ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటా కలదు. లాభము మూటగట్టుకొను షావుకారు లేడు. అయినను కార్మికులు రెండు తరగతులుగా చీలియున్నారు. “ఒప్పుకొన్న కూలి ఇచ్చితిమి గదా” అని పెట్టుబడిదారుడు చెప్పు సమాధానమునే ప్రభుత్వమును చెప్పినచో, యజమాని మారి ప్రయోజనమేమి?

లాభాల వాటాను మనవారికి తెచ్చినవి రోమునుండి వచ్చిన లేఖలు కావు. కార్మిక సంఘముల పోరాటములు. మంచిర్యాల కేంద్రముగా ఆదిలాబాదు కతోలిక పీఠము 1999లో గాని ఏర్పడలేదు. అయినను న్యాయమైన మాట ఎవరినోట వచ్చినను వినదగినదే. అది చెప్పువారికిని వర్తించును. ఏ మతమువారు నడుపు పాఠశాలయైనను, తానిచ్చు జీతముతో ఉపాధ్యాయుని ఇల్లు గడచునా యని మొదట చూచుకొనవలెను.

విద్యార్థులారా, అర్థశాస్త్రమున కూలిని ఉత్పత్తి వ్యయముగా చదివెదరు. ఆ అంకె వెనుక ఒక ఇంటి పొయ్యి కలదని మరువకుడు. 2024లో కాంట్రాక్టు కార్మికునకు తలుపు కొంచెము తెరువబడెను. ఇకమీదట అది దయాదానముగా మిగులరాదు. చేసిన పనినిబట్టి దక్కు హక్కు కావలెను.