పెరటికొట్టములోని మూషికము, గృహస్థుని అహింస

వినాయకచవితి సమీపించినపుడెల్ల భక్తులు నన్నడుగు ప్రశ్నలలో, పూజావిధితో ఏమాత్రమును సంబంధము లేనిది ఒకటి కలదు. "పంతులుగారూ, పెరట్లో రేకుల షెడ్డు నిండా ఎలుకలు చేరాయండీ. చంపుదామంటే స్వామివారి వాహనం, వదిలేద్దామంటే మిరప బస్తాలూ మోటారు వైర్లూ దక్కవు. ఏం చేయమంటారు?" ప్రశ్న చిన్నదిగా తోచును. కాని గృహస్థునకు అహింస ఎంతవరకు సాధ్యమను పెద్ద విచారము దీనియందే ఇమిడియున్నది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన పిదప ప్రాజెక్టు పనివారి కొఱకు వెలసిన ఊరు మా విజయపురి సౌత్. పెరడు గల ఇండ్లకు కొదువ లేదు, పెరటిలో కొట్టమునకును కొదువ లేదు. అందులో పాడైన మోటారు, పైపులు, గోనెసంచులు, కుక్కిమంచము, ఎప్పటికైనను పనికివచ్చునని దాచిన సమస్తమును ఉండును. దానిని చూచిన మూషికము ఇది తన కొఱకే కట్టిరని తలచిన, తప్పు దానిది కాదు.

ఈ సమస్యకు మనవారు రెండు సమాధానములు కల్పించుకొనిరి. ఆ రెండును నాకు సమ్మతములు కావు.

మొదటిది "దేవుని వాహనము, దాని జోలికి పోరాదు" అనునది. బికనేరు చెంత దేశ్నోక్‌లోని కర్ణీమాత ఆలయమును కొందరు ఉదాహరింతురు. అచట ఎలుకలను పోషించుట ఆ క్షేత్రమునకు సంబంధించిన వ్రతము. దానిని ప్రతి గృహస్థుడును తన కొట్టమునకు అన్వయించుకొనుట తగదు. ఉపేక్ష ఎంతటి హింసయో మన గుంటూరు ఎఱుగును. 2015 ఆగస్టులో అచటి ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఎలుకలు కరచిన నవజాత శిశువు మరణించిన వార్త విని రాష్ట్రమంతయు తల్లడిల్లినది. ఎలుక మూత్రము వలన లెప్టోస్పైరోసిస్ వ్యాపించును. దాని ఒంటిని ఆశ్రయించు నల్లివంటి సూక్ష్మకీటకములు కుట్టిన స్క్రబ్ టైఫస్ వచ్చును. ఎలుకలున్న చోటికి నాగుపాము, కట్లపాము వెదకికొని వచ్చును. పసిబిడ్డ ఆడుకొను పెరటిలో వీనినన్నింటిని చేరనిచ్చి, దానికి భక్తి అని పేరు పెట్టుట న్యాయము కాదు.

రెండవది జిగురు అట్ట. అంగడిలో సులభముగా దొరకును, రక్తము కనబడదు, చేయి చేసుకొననక్కర లేదు. అందువలన ఆస్తికులకు ఇది మిక్కిలి నచ్చినది. కాని ఆ అట్టపై జరుగునది ఏమి? నాలుగు పాదములును ఉదరమును అంటుకొనిపోయిన ప్రాణి, దప్పికతో, భయముతో, విడిపించుకొనుటకై తన కాలిని తానే కొఱుకుకొనుచు గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దినముల తరబడి చచ్చును. ఉడుతలు, పిచ్చుకలు, బల్లులు కూడ చిక్కుకొనును. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రాణిని అనవసరముగా బాధించుటను నేరముగా ఎంచినది. భారత జంతు సంక్షేమ మండలి సైతము ఈ అట్టలను నిలుపవలెనని రాష్ట్రములకు వ్రాసినది. "నేను చంపలేదు, అట్ట చంపినది" అనువారికి పతంజలి మహర్షి ఎన్నడో సమాధానము చెప్పెను. యోగసూత్రముల సాధనపాదమున హింసను ఆయన కృతము, కారితము, అనుమోదితము అని మూడు విధములుగా విభజించెను. తాను చేసినది, ఇతరులచే చేయించినది, చేయుచుండగా ఒప్పుకొన్నది. అట్టను కొని పరచినవాడు ఈ మూడింటిలో దేని నుండియు తప్పించుకొనజాలడు.

మఱి విఘ్నేశ్వరుడు ఏమి చేసెను? గణేశపురాణగాథలో క్రౌంచుడను గంధర్వుడు వామదేవుని శాపమున మూషికమై పరాశరుని ఆశ్రమమున పడి, ధాన్యమును వస్త్రములను నాశనము చేసెను. ఋషులు దానిని సహించి ఊరకుండలేదు. స్వామి దానిని వధింపలేదు. పాశముతో బంధించి, తన అదుపులో నిలుపుకొనెను. వాహనమనగా అదుపులో నున్నది. ఊరక వదలివేసినది వాహనము కాదు, చిత్రవధకు గురియైనదియు వాహనము కాదు. నా దృష్టిలో గృహస్థునకు ఈ కథయే విధి.

విధిని ఆచరణలో పెట్టుట కొట్టము ఊడ్చుటతో మొదలగును. ఎలుక గర్భధారణ సుమారు మూడు వారములు. ఒక్క ఈతకు ఆరు నుండి ఎనిమిది పిల్లలు. ఆహారము, దాగు చోటు ఉన్నంతకాలము ఎన్నింటిని చంపినను మఱికొన్ని వచ్చుచునే యుండును. అనగా శుభ్రత లేని గృహస్థుడు ఏడాది పొడవున వధ చేయుచునే యుండవలెను. గింజలను మూతగల ఇనుప డ్రమ్ములలో పోయవలెను. బస్తాలను గోడకు దూరముగా, నేలకు ఎత్తుగా చెక్కలపై పేర్చవలెను. పెన్సిలు దూరు సందు చుండెలుకకు వాకిలియే. కనుక రేకు అంచులను, తలుపు క్రింది ఖాళీని ఇనుప జల్లెడతో, కలుగులను సిమెంటుతో గాజుపెంకులతో మూయవలెను. కప్పుపై వాలిన కొమ్మలను నఱుకవలెను. ఇందులో ఒక్క ప్రాణియు చావదు. అయినను మనకు ఇది కష్టముగా, విషము సులభముగా తోచుట కలియుగ లక్షణము కాబోలు.

విషమును గూర్చి ఒక మాట. పొలములలో కలుగుల కొఱకు వ్యవసాయ శాస్త్రజ్ఞులు 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమాడియోలోన్ కలిపి వాడుమందురు. పంట రక్షణకై రైతు చేయు ఆ పనిని నేను తప్పు పట్టను. ఇంటి పెరటి సంగతి వేఱు. ఆ మందు రక్తమును గడ్డకట్టనీయదు. ఎలుక కొన్ని దినములకు గాని చావదు. ఆలోపల దానిని తిన్న పిల్లికి, గుడ్లగూబకు అదే గతి పట్టవచ్చును. గణపతి వాహనమును చంపబోయి లక్ష్మీదేవి వాహనమును చంపినట్లగును. పసుపు భాస్వరము గల ఎలుకల పేస్టు మన రాష్ట్రములలో క్షణికావేశమున ఎందఱి ప్రాణములనో తీసినది. అది ఇంట ఉండనే కూడదు.

శుభ్రత చేసిన పిదపను మిగిలిన వానికి బోను పెట్టుడు. ఉదయము, సాయంకాలము తప్పక చూడుడు. బోనును మఱచి ప్రాణిని ఆకలిచే చంపుట అట్టకంటె మేలైనది కాదు. కొందరు చిక్కిన ఎలుకను కాలువగట్టున విడిచి పుణ్యము వచ్చెనని మురిసిపోవుదురు. ఆ గట్టు క్రింద ఎవరి చేను ఉన్నదో విచారింపరు. మఱికొందరు బోనుతో సహా కృష్ణలో ముంచుదురు. పవిత్ర జలమున ప్రాణిని ఊపిరాడక చంపుటకంటె హేయమైనది నాకు తోచదు. బిడ్డలకు ఆపద తప్పదనుకొని వధకు పూనుకొన్నచో, క్షణములో ప్రాణము పోవు స్ప్రింగు బోనే తక్కిన వానికంటె మేలు. అర్చకుడు ఇట్లు చెప్పవచ్చునా అని కొందఱికి కష్టము కలుగవచ్చును. సర్వకాల సర్వావస్థల యందును పాటింపదగిన అహింసా మహావ్రతము యోగికి చెప్పబడినది. గృహస్థుని ఇంట పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అను ఐదు చోట్ల హింస తప్పదని మనుధర్మశాస్త్రమే అంగీకరించి, ప్రతిదినము పంచమహాయజ్ఞములను విధించినది.

ఎలుకను చంపినందులకు ఏ దానము ఇవ్వవలెనని అడుగువారు కలరు. పిల్లికి బంగారు పిల్లి అను మాట విని వచ్చినవారు. నాకు దక్షిణ అక్కఱలేదు. భోజనమునకు ముందు భూతబలిగా ఒక ముద్ద తీసి కాకులకు, చీమలకు పెట్టుడు. దానిని మాత్రము కొట్టము గుమ్మమున పెట్టవలదు.

భాద్రపదము నాటికి వానలకు పొలములలోని కలుగులలో నీరు చేరి, ఎలుకలు ఇండ్లవైపు వచ్చును. కనుక సందులు మూయు పని ఆషాఢమునందే ముగింపుడు. చవితి మఱునాడు ఉండ్రాళ్ళను, పండ్లను పత్రితోపాటు మూటగట్టి, నిమజ్జనమునాడు చూతమని షెడ్డులో పడవేయకుడు.